ఎండను నీడలోనే కొలవాలి

పెద్దపల్లి జిల్లా నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. మే నెలలో ఒక మధ్యాహ్నం ఆయన కారు 49 డిగ్రీలు చూపించింది. చేతిలోని ఫోను 46 అంది. సాయంత్రం వాతావరణ శాఖ 44.2 అని ప్రకటించింది. రాత్రి అమెరికాలోని ఫీనిక్స్ నుంచి అన్నగారు ఫోన్ చేసి అక్కడ 104 ఉందన్నారు. పక్కన మంచం మీద పడుకున్న తాతగారు అంతా విని, "నా పెళ్ళయిన ఏడు 118 డిగ్రీల ఎండ కాసింది, పేపర్లో కూడా వేశారు" అన్నారు. వీరిలో ఎవరి మాట నమ్మాలి, ఏ కొలమానం మంచిది, వాతావరణ శాఖ కావాలనే ఎండను తగ్గించి చెబుతోందా అని ఆయన సందేహం.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది నా ఉద్యోగానికి తగిలిన మాట. ముప్పై ఏళ్ళకు పైగా వాతావరణ శాఖ కేంద్రంలో ఉదయం ఎనిమిదిన్నరకు ఒకసారి, సాయంత్రం ఐదున్నరకు ఒకసారి తెల్ల పెట్టె తలుపు తీసి పాదరసం ఎక్కడ నిలిచిందో పుస్తకంలో వ్రాశాను. పండగ లేదు, తుఫాను లేదు. డిగ్రీలో పదో వంతు దాకా చూసి వ్రాయాలి. కన్ను పాదరసం మట్టానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. పైనుంచి చూస్తే ఒక అంకె, కిందనుంచి చూస్తే మరో అంకె కనబడతాయి. ఊపిరి గాజుకు తగలకూడదు. ఒక మే నెలలో స్థానిక విలేకరి ఫోన్ చేసి, "44.8 అంటున్నారు కదా, 45 అని వ్రాసుకోమంటారా? శీర్షికకు నిండుగా ఉంటుంది" అని బతిమాలాడు. కుదరదన్నాను. మైదాన ప్రాంతంలో 45 చేరితే, ఆ రోజుకు మామూలు ఎండ ఎంత అనే లెక్కతో పని లేకుండా వడగాడ్పు కింద లెక్క కట్టవచ్చు, 47 చేరితే తీవ్ర వడగాడ్పు. శీర్షిక నిండుతనం కోసం జిల్లాకు వడగాడ్పు తెప్పించలేం. అలాగే తగ్గించనూ లేం.

మరి మీ కారు 49 ఎందుకు చూపించింది? దీనికి జవాబు చెప్పాలంటే ఆ తెల్ల పెట్టె సంగతి చెప్పాలి.

ఒక వేసవిలో మా కేంద్రానికి ఒక పెద్దాయన వచ్చారు, పత్తి రైతు. గడ్డి మధ్య నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన పెట్టె చుట్టూ రెండు సార్లు తిరిగి, గాలి ఆడేలా పలకలు పేర్చిన గోడల్లోంచి లోపలికి తొంగి చూశారు. తరువాత నా వైపు తిరిగి, "మేమంతా చేలో మాడిపోతుంటే మీరు దీనికి ఇల్లు కట్టి నీడన కూర్చోబెట్టారా! దీనికి ఎండ సంగతి ఏం తెలుస్తుంది?" అన్నారు. నా ఉద్యోగ జీవితంలో అంతకంటె మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయనను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను.

ఎండలో పెట్టిన థర్మామీటరు గాలి వేడిని చెప్పదు, తన ఒంటి వేడిని చెబుతుంది. అదే ఎండలో ఒకదానికి తెల్ల రంగు, ఇంకొకదానికి నల్ల రంగు వేసి పక్కపక్కన పెట్టండి, రెండూ పోట్లాడుకుంటాయి. ఇనుప గేటుకు ఒక ఎండ, ఇసుకకు ఒక ఎండ, గేదె వీపుకు ఒక ఎండ. వీటిలో ఊరి ఎండ అని దేనిని పిలవాలి? అన్నిటినీ తాకుతూ తిరిగేది గాలి ఒక్కటే. అందుకే గాలి వేడిని కొలుస్తాం. గాలిని మాత్రమే కొలవాలంటే నేరుగా సూర్యుడు, కింద నేల, పక్కన గోడ, ఈ మూడింటి సెగ తగలకుండా చూడాలి. పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండులో దీపస్తంభాలు కట్టే ఇంజినీరు థామస్ స్టీవెన్‌సన్ ఈ పెట్టెను రూపొందించాడు. నేల నుంచి నాలుగడుగులకు పైన, తెల్ల రంగు, చుట్టూ గాలి ఆడే పలకలు, తలుపు మన దేశంలో ఉత్తరం వైపు. మే నెలలో మన దగ్గర సూర్యుడే కాస్త ఉత్తరానికి జరుగుతాడు కనుక తలుపు తీసి గబగబా చదివి మూసేయాలి. దాదాపు ఇదే పద్ధతిలో కువైట్‌లోనూ కొలుస్తారు, రామగుండంలోనూ కొలుస్తారు, రెంటచింతలలోనూ కొలుస్తారు. కాబట్టే ఈ ఊళ్ళను పోల్చగలుగుతున్నాం.

మీ కారు థర్మామీటరు సాధారణంగా ముందు బంపరు వెనకాల ఎక్కడో ఉంటుంది. కింద తారు రోడ్డు, వెనక ఇంజను. నిలిపి ఉంచిన కారులో అయితే ఆ రెండింటి మధ్యా అది ఉడుకుతూనే ఉంటుంది. అరగంట సేపు గాలి తగిలేలా వేగంగా నడిపితే ఆ అంకె నిజానికి కాస్త దగ్గరపడుతుంది. ఫోను సంగతి వేరు. అది గాలిని కొలవడం లేదు. కంప్యూటర్ మీ ప్రాంతానికి వేసిన అంచనాను చూపుతుంది, చాలాసార్లు తేమను కూడా కలిపి ‘ఒంటికి ఎంత అనిపిస్తుంది’ అనే అంకెను పెద్ద అక్షరాల్లో వేస్తుంది. ఇవి కాక మన దగ్గర మండలాల్లో ఆటోమేటిక్ కేంద్రాలు ఉన్నాయి, వాటి అంకెలు కూడా పత్రికల్లో వస్తాయి. అవి ఎంతో ఉపయోగకరం, కానీ ఏ అంకె ఏ కేంద్రానిదో చూసుకోకుండా నిరుటి అంకెతో కలిపి రికార్డు బద్దలైందనకూడదు.

తాతగారి 118కి వద్దాం. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు జరగగల మాట. దశాంశ కొలతలు రాకముందు మన దేశంలో ఎండను ఫారెన్‌హీట్‌లోనే చెప్పేవారు. 118 ఫారెన్‌హీట్ అంటే 47.8 సెల్సియస్. గోదావరి ఒడ్డున బొగ్గు గనుల ప్రాంతంలో పెరిగిన మనిషికి అది నమ్మరాని అంకె ఏమీ కాదు. మీ అన్నగారి 104 సరిగ్గా 40 సెల్సియస్, కాబట్టి ఆ రోజు పందెంలో పెద్దపల్లి ఫీనిక్స్‌ను నాలుగు డిగ్రీల తేడాతో ఓడించింది. ఈసారి ఆయన మూడంకెల సంఖ్యతో బెదిరిస్తే నోటి లెక్క వేయండి: 32 తీసేయండి, సగం చేయండి, ఆ సగానికి పదో వంతు కలపండి. సెల్సియస్ నుంచి వెళ్ళాలంటే రెట్టింపు చేసి, అందులో పదో వంతు తీసి, 32 కలపండి. మీ 44.2కి 88.4, అందులోంచి 8.8 పోతే 79.6, దానికి 32 కలిపితే 111.6. ఆయనకు ఆ అంకె చెప్పండి, గౌరవం దానంతట అదే వస్తుంది.

ఈ 32 ఎక్కడిదని అందరూ విసుక్కుంటారు. నాకు మాత్రం ఫారెన్‌హీట్ మీద గొప్ప గౌరవం. 1686లో డాన్‌జిగ్‌లో (ఇప్పటి పోలండ్‌లోని గ్డాన్‌స్క్) పుట్టిన ఈ పరికరాల పనివాడు, ఒకదానితో ఒకటి సరిపోయే థర్మామీటర్లను తయారుచేసి చూపించాడు. అంతకుముందు ఇద్దరు పండితుల దగ్గర రెండు థర్మామీటర్లు ఉంటే రెండు దేశాల భాషల్లాగా ఉండేవి. మంచు, నీరు, నవాసాగరం కలిపిన ముద్ద చల్లదనానికి ఆయన సున్నా పెట్టాడు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు వాడే నవాసాగరమే అది. నీటిలో మంచు కరుగుతున్న చోట 32, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి వేడికి 96. ఈ రెండింటి మధ్య దూరం 64. దారం పెట్టి సగం, సగంలో సగం, అలా ఆరుసార్లు మడిస్తే ఒక్కో డిగ్రీ వచ్చేస్తుంది. పాత రూపాయికి పదహారు అణాలు, అరవై నాలుగు పైసలు ఎందుకు ఉండేవో తెలిసిన మన తాతలకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది: చేతితో పంచేవాడికి పది కంటే పదహారు నయం. తరువాత నీరు మరిగే చోటుకు 212 స్థిరం చేశాక పాత గుర్తులు కాస్త కదిలాయి, ఒంటి వేడి 98.6 అయింది.

సెల్సియస్ కథ ఇంకా బాగుంటుంది. 1742లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఆండర్స్ సెల్సియస్ నీరు మరిగే చోట సున్నా, గడ్డకట్టే చోట 100 పెట్టాడు. అవును, తలకిందులుగానే. ఆయన 1744లో పోయాక కొద్దికాలానికే స్వీడన్‌లో దానిని తిరగేశారు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో క్రిస్టాఁ అనే పండితుడు అంతకుముందే నిటారు కొలమానాన్ని వాడుతున్నాడు. అలా తిరగేయకపోయి ఉంటే మన వేసవి శీర్షికలు ఎలా ఉండేవో ఊహించండి: ‘భానుడి భగభగ: రామగుండంలో 55 డిగ్రీలకు పడిపోయిన ఉష్ణోగ్రత’. పక్క పేజీలో ‘చలికి వణుకుతున్న ఆదిలాబాద్: 95 డిగ్రీలు దాటింది’.

ఇక ఏది మంచి కొలమానం? మన ఇళ్ళలో ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు దొరికింది, మనం గమనించలేదంతే. టీవీలో ఎండ 44, ఏసీ రిమోట్ మీద 24, రెండూ సెల్సియస్. అదే ఇంట్లో పిల్లవాడి నుదురు కాలితే "నూట రెండు ఉంది" అంటాం, అది ఫారెన్‌హీట్. "బాబుకు ముప్పై ఎనిమిది పాయింట్ తొమ్మిది" అంటే అమ్మమ్మ కంగారు పడదు, "నూట రెండు" అంటే తడిగుడ్డ తెస్తుంది. ఎండకు ఒక కొలమానం, జ్వరానికి ఒక కొలమానం ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నాయి. నా అభిప్రాయంలో ఇది ఏమాత్రం తప్పు కాదు. కానీ ఎండా జ్వరమూ కలిసే ఒక్క అంకెను మాత్రం రెండు కొలమానాల్లోనూ ఇంటిల్లిపాదీ కంఠస్థం చేయాలి: 40 సెల్సియస్, 104 ఫారెన్‌హీట్. ఎండన పడి వచ్చిన మనిషి ఒంటి వేడి ఆ గీత దాటి, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. అప్పుడు కొలమానాల చర్చ ఆపి, నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. 2015 మే నెలాఖరు వడగాడ్పుల్లో దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు, వారిలో అత్యధికులు మన రెండు రాష్ట్రాల వారే. ఆ వారం నేను వ్రాసిన పేజీలు ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తున్నాయి.

మూడో కొలమానం కెల్విన్. దాని సున్నా సెల్సియస్‌లో మైనస్ 273.15, అంతకంటె చల్లదనం లేదు. ఇంట్లో దానితో పని ఉండదు కానీ ఒక మాట నోట్లోకి రాకుండా ఆపడానికి అది కావాలి. జనవరిలో 22, మేలో 44 అయితే ‘ఎండ రెట్టింపైంది’ అని వ్రాస్తారు. కెల్విన్‌లో అది 295 నుంచి 317కి వెళ్ళడం, అంటే ఏడు శాతం పైచిలుకు. సెల్సియస్ సున్నా మనం నీటిని చూసి పెట్టుకున్న గుర్తు, అక్కడ వేడి లేకపోవడం కాదు. ఇలాంటిదే ఇంకో పొరపాటు, ఇది విద్యావంతులు కూడా చేస్తారు: భూమి సగటు వేడి 1.5 డిగ్రీల సెల్సియస్ పెరిగిందంటే ఫారెన్‌హీట్‌లోకి మారుస్తూ 34.7 అని వేస్తారు. తేడాను మార్చేటప్పుడు 32 కలపకూడదు, అది 2.7 మాత్రమే. నిజంగా 34.7 పెరిగి ఉంటే ఈ జవాబు చదవడానికి ఎవరూ ఉండరు.

రికార్డుల విషయంలో నాకు ఎంతో ఇష్టమైన కథ లిబియాలోని అల్ అజీజియాది. 1922 సెప్టెంబరు 13న అక్కడ 58 డిగ్రీలు నమోదైందని తొంభై ఏళ్ళ పాటు ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదువుకుంది. 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ నిపుణులు ఆ నాటి పుస్తకం పేజీని తీసి చూశారు. అప్పుడే కొత్తగా వచ్చిన మనిషి చేతి వ్రాత. అలవాటు లేని పాత రకం థర్మామీటరు. అందులో పాదరసం ఒక చిన్న ఉక్కు పుల్లను పైకి నెడుతుంది. పాదరసాన్ని తాకే కింది కొనను చదవాలి. ఆయన పై కొనను చదివి ఉండవచ్చు. ఆ పుల్ల పొడవు సుమారు ఏడు డిగ్రీలు! రికార్డు రద్దయింది. ఒక పుల్ల ఏ కొన చూడాలో చెప్పేవారు లేక ఒక దేశం తొంభై ఏళ్ళు ప్రపంచంలోకెల్లా వేడి దేశంగా పేరు మోసింది. ఆ కొత్త ఉద్యోగి మీద నాకు కోపం రాదు, ఆయనకు నేర్పకుండా పుస్తకం చేతికిచ్చిన వారి మీద వస్తుంది.

అప్పటి నుంచి కిరీటం కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీది. 1913 జూలై 10న ఫర్నెస్ క్రీక్‌లో 134 ఫారెన్‌హీట్, అంటే 56.7. సముద్ర మట్టానికి దిగువన, కొండల మధ్య గిన్నె అడుగులాంటి చోటు అది. కిందికి దిగే గాలి నొక్కుకుని ఇంకా వేడెక్కుతుంది. ఆ అంకెను కూడా కొందరు వాతావరణ చరిత్రకారులు సందేహిస్తున్నారు. ఇప్పటి పరికరాలతో అక్కడ చూసింది 2020 ఆగస్టులో 130, అంటే 54.4. అక్కడ పర్యాటకుల కోసం పెద్ద అంకెల బోర్డు ఒకటి ఉంది. దాని పక్కన ఫోటో దిగడానికి జనం బారులు తీరతారు, కొందరు శీతకాలపు కోట్లు కూడా తొడుక్కుని. ఆసియాలో 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9, 2017 మే 28న పాకిస్తాన్‌లోని తుర్బత్‌లో 53.7 నమోదయ్యాయి, ప్రపంచ వాతావరణ సంస్థ పరికరాలను ల్యాబులో పరీక్షించి మరీ వాటిని ఒప్పుకుంది.

మన దేశంలో 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీ 51 చూసింది, 1956 నాటి ఆల్వార్ 50.6ను దాటి. ఇక 2024 మే 29 గుర్తుందా? ఢిల్లీ శివారు ముంగేష్‌పూర్‌లో ఆటోమేటిక్ కేంద్రం 52.9 చూపించింది. గంటలోపే దేశమంతా ఆ అంకె మారుమోగింది. తరువాత వాతావరణ శాఖ అక్కడికే ప్రామాణిక పరికరాన్ని తీసుకుపోయి పక్కన పెట్టి చూస్తే, ఆ సెన్సర్ మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేలింది. శాఖ ఎండను దాస్తుందా అని అడిగారు కదా, ఇదే నా జవాబు: అక్కడ దాచింది ఏమీ లేదు, నలుగురి ముందు సరిదిద్దింది. మూడు తీసేసినా 49.9 మిగులుతుంది, అది నగరాన్ని ఉడికించడానికి చాలు.

మన పెద్దలకూ ఒక కొలమానం ఉంది, ఒకే ఒక్క గీతతో: రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి. మే 25 నుంచి జూన్ మొదటి వారం దాకా. రాతి రోలును నేను పగలగా చూడలేదు కానీ ఆ గీత పెట్టిన చోటు మాత్రం అద్భుతంగా కుదిరింది. హైదరాబాద్‌లో ఇప్పటిదాకా అత్యధికం 45.5, అది 1966 జూన్ 2న, సరిగ్గా రోహిణి కార్తెలో. పైన చెప్పిన 2015 వడగాడ్పులు ముదిరింది కూడా ఆ కార్తె మొదలైన రోజుల్లోనే. నైరుతి గాలి తేమతో వచ్చేలోపు వాయవ్యపు పొడి గాలి చివరిసారి విజృంభించే కాలం అది.

ఒక్క సంగతి మాత్రం ఈ అంకెలేవీ చెప్పవు. నా పెట్టెలో ఇంకో థర్మామీటరు ఉండేది, దాని బల్బుకు తడి మల్లుగుడ్డ చుట్టి ఉంటుంది. తడి ఆరుతూ దానిని చల్లబరుస్తుంది, చెమట మనల్ని చల్లబరిచినట్టే. పెద్దపల్లిలో 44 ఉండి గాలిలో తేమ 20 శాతం అయితే ఆ తడి బల్బు సుమారు 25 దగ్గర నిలుస్తుంది. మచిలీపట్నంలో 36 ఉండి తేమ 65 శాతం అయితే అది 30 దాకా ఎక్కుతుంది. అంటే మీ ఊళ్ళో చెమట బాగా పని చేస్తుంది, అక్కడ అంతగా చేయదు. మీ గదిలో హాయినిచ్చే కూలరు, వట్టివేళ్ళ తడక కోస్తాలో జిగట పెంచడం తప్ప ఏమీ చేయలేకపోవడానికి కారణం ఇదే. 36 అని విని కోస్తా వారిని తేలిగ్గా చూడవద్దు.

మీరు సొంతంగా కొలవాలనుకుంటే మంచి థర్మామీటరు ఒకటి కొని, ఇంటికి ఉత్తరం వైపు వసారాలో, గోడకు ఆనకుండా, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున వేలాడదీయండి. దగ్గరలో ఏసీ బయటి పెట్టె ఉండకూడదు, ఎండ ఒక్క నిమిషం కూడా తగలకూడదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య అరగంటకొకసారి చూసి పెద్ద అంకెను వ్రాసుకోండి. పది రోజులు వ్రాశాక, మీకు దగ్గరి కేంద్రం అంకెలు పక్కన పెట్టి ఇక్కడ వేయండి. రెండు డిగ్రీల కంటే ఎక్కువ తేడా వస్తే ఎక్కడ సెగ తగులుతోందో కలిసి వెతుకుదాం. తాతగారి పెళ్ళి ఏ సంవత్సరంలో జరిగిందో కూడా వ్రాయండి, ఆ ఏటి పాత పట్టికల్లో ఆయన 118 కోసం చూస్తాను.